ఇనుపాయన లేచాడా?

ఆళ్లగడ్డ,
18-4-1988.

నంద్యాల ఆసుపత్రి ఎదుట రేడియో, టీవీ రిపేరి షాపు నడుపుతున్న జిలాని గారికి, ఆళ్లగడ్డ హైస్కూలు డ్రిల్లు మాస్టరు సామ్యేలు వందనాలు.

మీరు నన్ను ఎరగరు. నేను మాత్రం మిమ్మల్ని బాగా ఎరుగుదును. మీ షాపుకు ఎదురుగా ఆసుపత్రి మేడ మీద, రోడ్డు వైపు కిటికీ పక్క మంచంలో, రిపబ్లిక్ డే ఆటల పోటీల నుంచి మొన్న ఈస్టరు దాటేదాకా పడుకున్న మనిషిని నేనే. తుంటి నుంచి మడమ దాకా సిమెంటు కట్టు. పిల్లలకు హైజంప్ ఎలా దూకాలో నోటితో చెప్పి ఊరుకోవలసింది. చేసి చూపించబోయాను. నేను తాడు దాటాను, కాలు దాటలేదు.

మొదట్లో గోడ వైపు ముఖం తిప్పుకుని పడుకునేవాణ్ణి. ఇన్నేళ్లుగా ఊరి పిల్లలందరినీ వరసలో నిలబెట్టినవాణ్ణి, నన్ను నిలబెట్టేవాడు లేడని దిగులు. గంజి వద్దు, పలకరింపులు వద్దు. ఒక ఆదివారం పొద్దున ఎందుకో కిటికీ వైపు చూస్తే, మీ షాపులో టీవీ సరిగ్గా నా ముఖం మీదికి తిరిగి ఉంది. అందులో మా చర్చి గంట గోపురం కంటే పొడుగైన ఇనుప మనిషి ఒకాయన నడిచి వస్తున్నాడు. జపాను వాళ్లు గీసిన బొమ్మల కథ అని తర్వాత నర్సమ్మ చెప్పింది. ఆ పూట నేను గంజి తాగాను. ఆ తర్వాత ఏ ఆదివారం చూసినా టీవీ నా వైపే తిరిగి ఉండేది. ముక్కూ ముఖం తెలియని రోగి మీద దయ తలచి మీరు దాన్ని తిప్పారు. ఆ మేలు నేను బతికినంత కాలం మరచిపోను.

మీ టీవీ మాటలు రోడ్డు దాటి వచ్చేవి కావు, మధ్యలో లారీల మోత. అయినా కథంతా నాకు అర్థమైంది. ముఖాలు చూస్తే ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియదా? ఇనుపాయన తలలో కూర్చుని నడిపే ఎర్ర కండువా పిల్లవాడికి తల్లీ తండ్రీ లేరు. కాళ్ల దగ్గర నూనె డబ్బాతో తిరిగే ముసలాయన వాడికి మేనమామ. పొద్దస్తమానం కసురుతూనే వాడు తిన్నాడో లేదో చూసేది మేనమామ కాక ఇంకెవరు? జుట్టు కత్తిరించుకున్న పిల్ల ఆ మేనమామ కూతురు. వాడి పళ్లెంలోది లాక్కుని తింటుంది కాబట్టి మరదలే, అనుమానం లేదు. ముసుగు వేసుకుని వారానికో రాక్షసిని తోలుకొచ్చేవాడు దాయాది. పొలం తగాదా అయి ఉంటుంది.

ఇప్పుడు నా బాధ వినండి. నన్ను ఇంటికి పంపే ముందు ఆదివారం ఇనుపాయనకు కాలు విరిగింది. నాకు విరిగిన కాలే. సముద్రం ఒడ్డున వెల్లకిలా పడ్డాడు. అక్కడితో ఆ వారం కథ ఆపేశారు. మా ఊళ్లో టీవీ ఉన్న ఒకటి రెండు ఇళ్లలో చీమలు తప్ప బొమ్మ రాదు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇనుపాయన లేచాడా? ఒక్క ముక్క రాయండి.

కృతజ్ఞతతో,
సామ్యేలు

తా.క.: ఆదివారాలు మీ టీవీ ముందు బనియన్ మీద ఒక లావుపాటి మనిషి నిలబడతాడు. మేనమామ కనబడవలసిన చోట ప్రతిసారీ అతని తలే కనబడేది. కాస్త వంగమని చెప్పండి. ఆ మంచంలోకి ఇంకెవరైనా వచ్చి ఉంటారు.


నంద్యాల,
25-4-1988.

పెద్దలు సామ్యేలు సార్‌కు టీవీ షాపు జిలాని సలాములు. కాలు కుదురుతోందని తలుస్తాను.

మీ ఉత్తరం నేనూ మా ఇంటామె హజీరా రెండుసార్లు చదువుకున్నాం. చాలా సంతోషం. కానీ సార్, ఉన్నమాట చెప్పాలి. టీవీని మీ వైపు నేను తిప్పలేదు. శనివారం షాపు మూసేటప్పుడు రోడ్డు మీది జనానికి కనబడేలా పెట్టి వెనక ఇంట్లోకి పోతాను. ఆదివారం పొద్దున వచ్చేసరికి అది ఆసుపత్రి వైపు తిరిగి ఉంటుంది. లారీలు పోయినప్పుడు నేల అదిరి బల్ల జరుగుతోందని నా అంచనా. బల్ల కాలు కూడా ఒకటి పొట్టి. కాబట్టి మీ కృతజ్ఞత న్యాయంగా లారీలకు చెందాలి.

ఇంకొక సంగతి. మా ఇంట్లో ఉర్దూ కాబట్టి ఆ సీరియల్లో హిందీ నాకు బాగానే తెలుస్తుంది. నూనె డబ్బా ముసలాయన మేనమామ కాదు, జీతానికి పనిచేసే మెకానిక్కు. ఆ పిల్ల మరదలు కాదు, అతని పై అధికారి. ముసుగాయన దాయాది కాదు, వేరే గ్రహం రాజు. పొలం ప్రస్తావన ఇంతవరకు ఎక్కడా రాలేదు.

ఇనుపాయన సంగతి ఏం చెప్పను? పోయిన ఆదివారమూ, నిన్నా సీరియల్ బదులు పొద్దున్నుంచీ క్రికెట్ వేశారు. పడ్డవాడు పడ్డట్టే ఉన్నాడు.

మీ
జిలాని

తా.క.: ఆ బనియన్ మనిషిని నేనే. ఇకమీదట వంగి చూస్తాను.

ఇంకో తా.క., హజీరా రాసేది: సార్, ఈయన ఇట్లే. గిరాకీ రేడియో తెస్తే "ఇది బాగు చేసినా మళ్లా పోతాదప్పా" అని ఉన్నమాట చెప్పి తిప్పి పంపిస్తాడు. మీరేమీ అనుకోవద్దు. జయమ్మక్కను అడిగినానని చెప్పండి. అవును సార్, ఆ కథలో అందరి ఎనకాల టీ పళ్లెం పట్టుకోని తిరిగే ఆమె ఒకామె ఉందికదా, ఆమె ఎవరికి ఏమైతాదో మీరు రాయనే లేదు.


ఆళ్లగడ్డ,
2-5-1988.

చిరంజీవి జిలానీకి, ఇంటిల్లిపాదికీ సామ్యేలు దీవెనలు. నాకంటే చిన్నవాడివని నీ చేతిరాత చూస్తే తెలిసింది, అందుకని నువ్వు అంటున్నాను.

మంచివాళ్లు తాము చేసిన మేలు ఒప్పుకోరు. నువ్వు దాన్ని లారీల మీదికి నెట్టావు. ఆ వినయం చూసి నా కళ్లు చెమర్చాయి. మా సంఘంలో ఎవరికైనా మేలు జరిగితే నలుగురి ముందు సాక్ష్యం చెప్పి, పండినదేదో తెచ్చి కానుక పెట్టడం వాడుక. నిన్న ఆదివారం నన్ను కుర్చీతో సహా చర్చికి మోసుకుపోయారు. నీ షాపు, నీ టీవీ, నువ్వు బల్ల తిప్పిన వైనం అన్నీ చెప్పాను. పాస్టరుగారు నీ పేరు పెట్టి ప్రార్థన చేశారు. అందరూ నీ షాపు ఎక్కడో అడిగి తెలుసుకున్నారు. మా తమ్ముడు కృపావరం చేత ఒక గుమ్మడికాయ పంపుతున్నాను.

ఇక బంధుత్వాల సంగతి. నీకు హిందీ తెలుసు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు మాటలు విని చూశావు, నేను మాటలు లేకుండా చూశాను. మాటల్లో మనుషులు ఏదైనా చెబుతారు. జీతానికి పనిచేసేవాడు పిల్లవాడి జ్వరం చేతితో ముట్టి చూస్తాడా? పై అధికారి అయితే మరదలు కాకూడదా? ఇక ముసుగాయన వేరే గ్రహం వాడన్నావు. గ్రహం ఏదైతేనేం, ఊరంతా వదిలేసి ప్రతివారం వీళ్లింటి మీదికే వస్తున్నాడంటే దాయాదే. మా దాయాదులు రుద్రవరంలో ఉంటారు, అదీ మాకు వేరే గ్రహమే.

టీ పళ్లెం ఆమె ఎవరని మీ హజీరమ్మ అడిగింది. నాకు జ్ఞాపకం రావడం లేదు. వెనకాల ఎవరో ఒకరు తిరుగుతుంటారు, అందరినీ చూడగలమా? నా భార్య పేరు ఆమెకు ఎలా తెలిసిందో గాని, అడిగినట్టు చెప్పాను.

నాకు కట్టు తీసేశారు. నడవమన్నారు. చంకకర్రలు కూడా ఇచ్చారు. నాకు తొందర లేదు. అంతమంది చుట్టూ ఉండీ ఇనుపాయనే లేవలేదు. ఆయన లేచాక నా సంగతి చూసుకుందాం.

దీవెనలతో,
సామ్యేలు

తా.క.: కాయ కోసేటప్పుడు తొడిమ వైపు నుంచి కోయమను. తియ్యగా ఉంటుంది.

ఇంకో తా.క.: తమ్ముడా, నేను జయమ్మను. కవరు అంటించమని నా చేతికిచ్చినాడు, ఆయనకు తెలీకుండా రాస్తాండా. కాలు అతికింది, డాక్టరు నడువు నడువు అంటాండాడు. ఈయన పాదం నేలకు ఆనించడు. మళ్లా పడతానని భయం, కర్రలు పట్టుకుంటే డ్రిల్లు మాస్టరుకు నామోషీ. నోరు తెరిచి చెప్పడు. ఆ కర్రలకు సొక్కాలు తగిలిస్తాండాడు. బడి తెరిచేలోగా లేయకపోతే మైదానంలోకి రానియ్యరు, ఆఫీసు గదిలో కూర్చోపెడతారంట. విజిల్ లేకపోతే ఈ మనిషి బతకడు. ఆ ఇనప మనిషి లేచినాడని ఒక్క ముక్క రాయి నాయనా, నీకు పుణ్యముంటాది.


నంద్యాల,
10-5-1988.

సామ్యేలు సార్‌కు జిలాని సలాములు.

గుమ్మడికాయ అందింది. తర్వాత జాన్ గారు వచ్చారు, ఇంకో గుమ్మడికాయ, ఒక రేడియో. భారతమ్మ గారు వచ్చారు, గుమ్మడికాయ, ఇస్త్రీ పెట్టె. "నువ్వు శానా మంచోనివంట కదప్పా, ఇది వేడెక్కడం లేదు చూడు" అని అక్కడే కూర్చున్నారు. కృతజ్ఞత చెప్పడానికి వచ్చినవాళ్లను కూలి ఎలా అడగను? షాపులో కాలు పెట్టడానికి చోటు లేదు. ఇది రంజాను నెల సార్, మేము సాయంత్రం ఉపవాసం విడిచేదీ గుమ్మడికాయతోనే. దయచేసి ఇంకెక్కడా సాక్ష్యం చెప్పకండి. నేను చేయని మేలుకు ఇంత తినలేను.

బల్ల కాలి కింద చెక్క ముక్క పెట్టి మట్టం చూసి సరిచేశాను. అయినా మొన్న ఆదివారం టీవీ మళ్లీ ఆసుపత్రి వైపే తిరిగింది. ఈ లారీల బరువు మీద మునిసిపాలిటీకి అర్జీ పెడదామనుకుంటున్నాను.

ఒకరు నన్ను ఒక మాట రాయమని అడిగారు. వాళ్ల మంచితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ మామూలు రోజుల్లోనే నాకు అబద్ధం రాదు, ఉపవాసం ఉండి ఎలా రాస్తాను? జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మే ఒకటిన సీరియల్ వేళకు కరెంటు పోయింది. మొన్న కథ వచ్చింది. ఇనుపాయన లేవలేదు. అరగంటసేపూ ఒడ్డున నిలబడి అందరూ పాత సంగతులు గుర్తు చేసుకున్నారు. అందులో తేలిందేమిటంటే, ఆ పొట్టి జుట్టు పిల్ల మన ఎర్ర కండువా పిల్లవాడి తోబుట్టువు. చిన్నప్పుడు వరదలో తప్పిపోయారట.

మీ
జిలాని

తా.క.: టీ పళ్లెం ఆమె గురించి మా ఇంటామె కోసం చూశాను. ఆమెకు కథలో పేరు లేదు. ఒక్క మాట కూడా లేదు. లెక్కలోకి వచ్చే మనిషి కాదు.

ఇంకో తా.క., హజీరా రాసేది: లెక్కలోకి రాదంట. ఆ ముక్క రాస్తా ఈయన తాగింది నేను పెట్టిన టీ, పొద్దు గుంకినాక. జయమ్మక్కా, పండగ కానీ. అంతవరకు ఓపిక పట్టు.


ఆళ్లగడ్డ,
14-5-1988.

జిలానీకి, సామ్యేలు రాయునది.

దీవెనలు రాయడానికి చేయి రాలేదు. నీ మీద నాకున్న అభిమానం పోలేదు, కాబట్టి నిష్ఠూరంగానే రాస్తున్నాను.

తోబుట్టువా? నెలల తరబడి వాళ్ల ముఖాలు చూశాను. ఆ పిల్ల వాడి పళ్లెంలోది లాక్కున్నప్పుడు వాడు తల తిప్పి నవ్వాడు. చెల్లెలు లాక్కుంటే ఎవడైనా చెయ్యి విదిలిస్తాడు గాని, తల తిప్పి నవ్వుతాడా? నేను మనసులో వాళ్ల పెళ్లి కూడా చేసేశాను. మేనమామ ఒప్పుకున్నాడు. నీ హిందీ ఏదో తేడాగా ఉంది, లేకపోతే నీ టీవీ చెడింది. నువ్వే రిపేరి చేసుకుంటావు కాబట్టి చెప్పేవాళ్లు లేరు.

అది పోనీ. ఇనుపాయన లేవలేదన్నావు. అంత పెద్ద ప్రాణి ఒడ్డున పడి ఉంటే, చుట్టూ నిలబడి పాత సంగతులు చెప్పుకున్నారా? నా మంచం చుట్టూ కూడా మావాళ్లు అదే చేస్తున్నారు. "నువ్వు ఆ పొద్దు ఎంత ఎత్తు ఎగిరినావన్నా" అంటారు. ఎగిరింది ఎవరికి కావాలి జిలానీ? నిన్న అందరూ చేలకు పోయాక ఒంటరిగా కాలు నేలకు ఆనించి చూశాను. మోకాలు గడగడలాడింది. మళ్లీ మంచం మీద వాలిపోయాను. ఇది జయమ్మకు తెలియదు.

మనుషులైతే భయపడతారు, ఇనుపవాడికి భయమేమిటని నేను ధైర్యం పెట్టుకున్నాను. ఆయనే లేవలేదంటే ఇక ఇది తేలిపోయింది. హెడ్మాస్టరు శ్రీనివాసులు గారికి విజిల్ తిప్పి పంపిస్తాను. ఆఫీసు గదిలో ఏ పని ఇచ్చినా చేస్తానని రాస్తాను. ఇక నాకు కథ రాయనక్కర్లేదు. ఇంతవరకు చేసిన మేలుకు మాత్రం ఎప్పటికీ నీకు రుణపడి ఉంటాను.

సామ్యేలు

తా.క.: గుమ్మడికాయలు పంపవద్దని మావాళ్లకు చెప్పాను. సొరకాయలు పంపుతున్నారు.

ఇంకో తా.క.: హజీరా, నేను జయమ్మను. కాలు ఆనించింది నాకు తెలీదంట. చేను కాడికి పోయినట్టు పోయి కిటికీ పక్కనే నిలబడింటి. విజిల్ ఇంకా పంపలేదు, తలగడ కింద పెట్టుకున్నాడు. పండగ అయినాక ఏమన్నా చెయ్యి తల్లీ.


నంద్యాల,
23-5-1988.

సామ్యేలు సార్‌కు జిలాని సలాములు.

మీకు కోపం వచ్చినా రాయకుండా ఉండలేకపోతున్నాను. పదిహేనున మళ్లీ క్రికెట్టే వేశారు. పండగ వెళ్లాక మా అక్కను చూడటానికి ప్యాపిలి పోయి, వాళ్ల ఇంటి మీద యాంటెన్నా బిగించి ఈ ఉదయమే తిరిగి వచ్చాను. అందువల్ల నిన్నటి కథ నేను చూడలేదు. నేను చూడనిది నేను రాయను. మా ఇంటామె చూసిందట. "నాకివ్వు కలం, నువ్వు బయటకి పో" అంటోంది. కాబట్టి ఇక్కడి నుంచి ఆమె రాస్తుంది, దాంట్లో మంచి చెడ్డలు ఆమెవే.

మీ
జిలాని

సార్, నేను హజీరా. ఆళ్లగడ్డలోనే అయిదు దాకా చదివినా, తప్పులుంటే దిద్దుకోండి.

ఇనుపాయన లేచినాడు సార్.

ఎట్ల లేచినాడో చెప్తా. అందరూ ఒడ్డున నిలబడి ఏడుస్తాండారు. మీ మేనమామ నూనె డబ్బా పక్కన పెట్టి తల పట్టుకోని కూర్చున్నాడు. అప్పుడు టీ పళ్లెం ఆమె వచ్చింది. ఇన్నాళ్లూ మాట లేదుకదా, నిన్న మాట్లాడింది. "ఏందీ ఏడుపు? కాలు అతికింది కదా. కర్రలు ఇచ్చి లేపండి" అనింది. మేనమామ పోయి ఊరి బయట కరెంటు స్తంభాలు రెండు పీకుకొచ్చినాడు. ఆ పిల్ల పరుపులన్నీ తెచ్చి స్తంభాల కొసకు చుట్టింది, చంకలో ఒత్తుకోకుండా. ఎర్ర కండువా పిల్లోడు తలలోకి ఎక్కి కూర్చున్నాడు గానీ మీట నొక్కడు. "కర్రలు పట్టుకోని నడిస్తే లోకం నవ్వుతాది" అంటాడు. టీ ఆమె కింద నుంచి అరిచింది, "నవ్వేటోళ్లు నీకు అన్నం పెడతారా? నీ ఇంటి మనిషి ఏడుస్తాంది, అది చూడు" అని. అప్పుడు నొక్కినాడు. ఇనుపాయన రెండు స్తంభాలు రెండు చంకల్లో పెట్టుకోని, ముందు ఒక మోకాలు, మళ్లా ఇంకో మోకాలు, లేచి నిలబడినాడు. మోకాళ్లు గడగడలాడినాయి సార్. ఆడినా నిలబడినాడు.

మీ దాయాది కూడా వచ్చినాడు. రాక్షసిని తోలుకోనే వచ్చినాడు. కర్రలు చూసి ఆగిపోయినాడు. "కాలు బాగలేనోని మీదికి ఏం పోతాం, పదవే" అని దాన్ని ఎనక్కి తోలుకోని పోయినాడు. ఎంతైనా రక్తసంబంధం కదా.

ఇదీ జరిగింది. ఇంక మీ ఇష్టం. జయమ్మక్కను అడిగినానని చెప్పండి.

హజీరా

తా.క., జిలాని రాసేది: ఇప్పుడే తిరిగి వచ్చి చదివాను సార్. నిన్న ఆదివారం నంద్యాలలో కరెంటు ఉందా లేదా అని మా ఇంటామెను అడిగాను. టీ ఇచ్చింది.


ఆళ్లగడ్డ,
20-6-1988.

నంద్యాలలో ఉన్న నా చెల్లెలు హజీరమ్మకు, ఆళ్లగడ్డ నుంచి అన్న సామ్యేలు చేతులెత్తి చేసే వందనాలు. ఈ ఉత్తరం నీకు. జిలాని చదువుకోవచ్చు, అడ్డం లేదు. తల మాత్రం వంచి చదవమను.

నీ ఉత్తరం మంచం మీద కూర్చుని చదివాను. టీ ఆమె మాట్లాడిన చోట బాగుంది. స్తంభాలు పీకిన చోట బాగుంది. పరుపులు చుట్టిన చోట ఆగిపోయాను.

అమ్మా, ఇనుపాయనకు చంకలు లేవు.

నేను డ్రిల్లు మాస్టరును. ఎవరి చేయి ఎంత లేస్తుందో, ఎంత దిగుతుందో చూడటమే నా పని. ఆయనకు రెండు పక్కలా భుజాల కిందనే తుపాకి డబ్బాలు బిగించి ఉంటాయి. చేతులు ఎప్పుడూ ఆరేసిన చొక్కా చేతుల్లా ఎడంగానే ఉంటాయి, కిందికి దిగవు. చంక ఉంటే కదా చంకకర్ర. నువ్వు ఇనుపాయనను ఎప్పుడూ సరిగా చూడలేదని అప్పుడు తెలిసింది. కింద తిరిగే మనుషులనే చూశావు.

అయితే ఆ కర్రలు ఎవరివి? తల ఎత్తితే గోడకు ఆనించి, నా చొక్కాలు తగిలించుకుని కనబడ్డాయి. లోకం నవ్వుతుందని నేను వాటిని ముట్టని సంగతి నంద్యాలలో ఉన్న నీకెలా తెలుసు? ఈ మోకాలు గడగడ సంగతి సరే, అది నేనే రాశాను. "నీ ఇంటి మనిషి ఏడుస్తాంది" అన్నది మాత్రం నేను ఎవరికీ రాయలేదు. నాకే తెలియదు. జయమ్మను పిలిచి అడిగాను. ఉత్తరం చదివి ముందు కడుపుబ్బ నవ్వింది, తర్వాత చీర కొంగు ముఖానికి పెట్టుకుంది. అప్పుడు చెప్పింది.

ఆసుపత్రిలో నాకు పూట పూటకూ వేడి గంజి వచ్చేది. క్యాంటీను నుంచి వస్తోందనుకున్నాను. రోడ్డు దాటి నీ వంటింట్లో, నీ పొయ్యి మీద జయమ్మ కాచి తెచ్చేదట. ఒక పొద్దు నేను గోడ వైపు తిరిగి గంజి తోసేస్తే, మీ ఇంట్లో కూర్చుని ఏడ్చిందట. "ఏ కిటికీ అక్కా?" అని నువ్వు అడిగావట. ఆ ఆదివారం షాపు తెరవకముందే ఇంట్లో నుంచి వచ్చి బల్ల తిప్పావట. ప్రతి ఆదివారం నువ్వే తిప్పావట. జిలానీ, లారీలను వదిలెయ్యి. అర్జీ పెట్టి ఉంటే వెనక్కి తీసుకో.

నేను చర్చిలో నలుగురి ముందు తప్పు మనిషికి సాక్ష్యం చెప్పాను. వెనకాల ఎవరో ఒకరు తిరుగుతుంటారని నీకే రాశాను. నాకు సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా కృతజ్ఞత ముంచుకొచ్చింది. ఒకామె నా కోసం బల్ల తిప్పింది, ఒకామె రోడ్డు దాటి గంజి తెచ్చింది, ఇద్దరూ కలిసి ఇంత పెద్ద ఇనుప మనిషికి చంకలు పెట్టారు. ఇంకా పడుకుంటే నాకు బుద్ధి లేనట్టే. చొక్కాలు తీసి దండెం మీద వేశాను. కర్రలు అందుకున్నాను. మోకాళ్లు ఆడాయి. నువ్వు రాసినట్టే, ఆడినా నిలబడ్డాను. నిలబడ్డాక ఏడ్చాను. బడి పిల్లలు చూడలేదు, అది మేలు.

బడి తెరిచారు. మొదటి రోజు కర్రలతో మైదానానికి పోయాను. ఒక్కడు కూడా నవ్వలేదమ్మా. విజిల్ ఊదాను. పిల్లలు వరసలో నిలబడ్డారు.

నిన్న చర్చిలో మళ్లీ సాక్ష్యం చెప్పాను, ఈసారి సరైన పేరుతో. కాబట్టి రేపటి నుంచి మావాళ్లు నీ కోసం వస్తారు. గుమ్మడికాయల కాలం అయిపోయింది, భయపడవద్దు. రేడియోలకు జిలాని కూలి తీసుకోవాలని గట్టిగా చెప్పాను.

ఈ జన్మకు నీకు రుణపడి ఉన్న అన్న,
సామ్యేలు

తా.క.: జిలానీ, నేను ఇంటికి వచ్చేసిన తర్వాత కూడా టీవీ ఆసుపత్రి వైపు తిరుగుతోందని రాశావు. అంటే ఆ మంచం మీద ఇప్పుడు ఇంకెవరో ఉన్నారన్నమాట. బల్ల కాలి జోలికి పోకు.

రెండో తా.క.: ఆ పిల్ల చెల్లెలన్న మాట మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. వరదలో తప్పిపోయింది వేరే పిల్ల అయి ఉంటుంది.

ఇంకో తా.క.: హజీరా, నేను జయమ్మను. ఈ పొద్దు ఈయన ముందే రాస్తాండా, దాచేది ఏమీ లేదు. ఇప్పుడు కర్రలు లేకుండానే నడుస్తాండాడు, రవ్వంత కుంటుతాడు. సాయంత్రం బడి కాడికి పోయి గేటు పక్కన నిలబడి చూసొచ్చినా. చిన్న పిల్లోళ్లకు హైజంప్ నేర్పిస్తాండాడు, నోటితోనే. చంకకర్రలు రెండూ మైదానంలో ఆ పక్క ఒకటి ఈ పక్క ఒకటి పాతి, వాటికే తాడు కట్టినాడు.